ఇంట్లో ఎస్ప్రెసోకి గ్రైండర్: కోనికలా, ఫ్లాటా?

ప్రశ్న:
ఎస్ప్రెసో మెషీన్ కొన్నాను, ఇక కరెంటు గ్రైండర్ కొనాలి. గింజల్ని నలిపే పళ్ల చక్రాల్ని బర్ అంటారట. శంకువు ఆకారంలో ఉండే కోనికల్ బర్ చాలని కొందరు, చదునుగా ఉండే ఫ్లాట్ బర్ లేకపోతే రుచే రాదని కొందరు అంటున్నారు. రోజుకి రెండు మూడు కప్పులే. గింజలు మాత్రం తరచూ మారుస్తుంటాను. ఏది తీసుకోమంటారు?

జవాబు 1:
ఫ్లాటే తీసుకోండి. కోనికల్‌లో కాఫీ చిక్కగా వస్తుంది, కాదనను. కానీ లైట్ రోస్ట్ (తక్కువగా వేయించిన) గింజల్లోని పులుపు, పూల వాసన దేనికది తెలియాలంటే తిరగలి రాళ్లలా ఎదురెదురుగా ఉండే ఆ రెండు చక్రాలే కావాలి. 64 మి.మీ. బర్‌లున్న డీఎఫ్64 లాంటి గ్రైండరైతే తర్వాత బర్‌లు మార్చుకోవచ్చు కూడా.

జవాబు 2:
రుచిలో తేడా ఉంటుంది, ఒప్పుకుంటాను. అదంతా ఆకారం వల్లే అంటే మాత్రం ఒప్పుకోను. పళ్లు ఎలా కోశారు, రెండు బర్‌లూ సరిగ్గా ఎదురెదురుగా కూర్చున్నాయా, ఎంత వేగంతో తిరుగుతున్నాయి, ఇవన్నీ రుచిని మారుస్తాయి.

నా మొదటి గ్రైండర్ ఫ్లాట్‌దే. 18 గ్రాముల పొడి వేస్తే 36 గ్రాముల కాఫీ 19 సెకన్లకే కారిపోయేది. పొడి ఇంకా సన్నగా రావాలని డయల్ ఒక్క మెట్టు బిగిస్తే 40 సెకన్లు దాటినా చుక్కలు చుక్కలుగానే పడేది. నాకు కావలసిన 28 సెకన్లు ఆ రెండు మెట్ల మధ్య ఎక్కడో ఇరుక్కుపోయింది. పొడి అర గ్రాము పెంచుతూ తగ్గిస్తూ రెండు నెలలు టెన్షన్ పడ్డాను. అందుకే ముందు మెట్ల సంగతి చూడమంటాను. బరాట్జా ఎన్‌కోర్ ఈఎస్‌పీ 40 మి.మీ. కోనికలే, కానీ దాని 40 మెట్లలో మొదటి 20 ఎస్ప్రెసో కోసమే దగ్గర దగ్గరగా పెట్టారు. యురేకా మిన్యోన్ స్పెషలిటా 55 మి.మీ. ఫ్లాట్, దానికి మెట్లే లేవు, ఎంత సన్నగా కావాలంటే అంత తిప్పుకోవచ్చు.

ఇక గింజలు మార్చేవాళ్లకి అసలు చిక్కు లోపల మిగిలిపోయే పొడితోనే. సెట్టింగ్ మార్చాక కూడా మొదటి కప్పులోకి పాత పొడి వస్తుంది. అది రుచి చూసి మళ్లీ డయల్ తిప్పారంటే లెక్కంతా తప్పినట్టే. కొనేముందు గ్రైండర్‌లో 18 గ్రాముల గింజలు పోయించి, బయటికి ఎంత పొడి వచ్చిందో తూయించండి. నిచ్ జీరో కోనికలే (63 మి.మీ.), ఏ కప్పుకి ఆ కప్పు గింజలు వేసుకునేలా చేశారు. గింజల మీద ఒక చుక్క నీళ్లు చల్లితే పొడి గోడలకి అంటుకోవడం కూడా తగ్గుతుంది. నీళ్ల వల్ల స్టాటిక్ (రాపిడికి పుట్టే విద్యుత్) తగ్గుతుందని 2023లో ఒరెగాన్ యూనివర్సిటీ పరిశోధకులు మ్యాటర్ అనే జర్నల్‌లో చూపించారు.

జవాబు 1, మళ్లీ:
మెట్ల మాట నిజమే, అది నేను ముందే చెప్పాల్సింది. కానీ రుచి విషయంలో వెనక్కి తగ్గను. ఒకే లైట్ రోస్ట్‌ని రెండింట్లోనూ పట్టి, ఏది ఏదో చెప్పకుండా ఇంట్లోవాళ్లకి ఇచ్చాను. ఫ్లాట్ కప్పు ఏదో ముగ్గురూ గుర్తుపట్టారు. పాలు కలిపి ఇచ్చినప్పుడు మాత్రం ఒక్కరూ చెప్పలేకపోయారు.

ఇంతకీ మీరు పాలు కలుపుకుంటారా? రోస్ట్ ఏది తాగుతారు?