పోకర్లో 40 వేల హ్యాండ్స్ (ముక్కలు పంచి ఆడే ఒక్కో ఆట) ఆడి లాభంలో ఉన్నా, ఇది నైపుణ్యమేనా? ఇంకా ఆడాలా?

ప్రాణహిత ఒడ్డు:
అన్నలందరికీ నమస్తే. మాది సిరోంచ, గడ్చిరోలి జిల్లా. 2025 జనవరి నుంచి ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి డబ్బు ఆటలు ఆగిపోయేదాకా ఫోన్లో పోకర్ ఆడాను. టెక్సాస్ హోల్డెమ్ అనే రకం, ఆరుగురి టేబుల్, బ్లైండ్స్ (ముక్కలు చూడకముందే ఇద్దరు వేయాల్సిన పందెం) 2-4 రూపాయలు, కూర్చోవడానికి 400, దాన్నే బై-ఇన్ అంటారు. ప్రతి రాత్రీ ఎంత వచ్చిందో ఎంత పోయిందో నోటుబుక్కులో రాసుకున్నాను. మొత్తం 40 వేల హ్యాండ్స్, మిగిలింది 4,800, పన్ను పోకముందు.

అదంతా అదృష్టం అంటాడు మా బావ, నేను ఒప్పుకోను. మొదటి రెండు నెలలు ఏ ముక్కలు వచ్చినా కాల్ చేసేవాణ్ణి, అంటే అవతలివాళ్ల పందేనికి సరిపడా వేసేవాణ్ణి, 3 వేలు పోయాయి. మార్చి నుంచి పద్ధతి మార్చాను. ముందు మాట్లాడాల్సిన సీట్లో ఉంటే పెద్ద జతలు, ఏస్-కింగ్ లాంటివి తప్ప అన్నీ పడేయడం, బటన్ మీద (అందరికన్నా చివర మాట్లాడే సీట్లో) ఉన్నప్పుడే కొంచెం ఎక్కువ ఆడటం, ఆడితే రైజ్ చేసి (పందెం పెంచి) ఆడటం, మూడు బై-ఇన్‌లు పోతే ఆ రాత్రికి ఫోన్ పక్కన పెట్టేయడం. అప్పటినుంచి ఒక్క జూన్ తప్ప ప్రతి నెలా లాభమే. ఇప్పుడు తెలిసినాయన ఒకాయన విదేశీ సైట్ ఉంది, వీపీఎన్ (ఫోన్ ఎక్కడుందో దాచే యాప్) పెట్టుకుంటే నడుస్తుంది, నీలాంటోడు ఆపొద్దు అంటున్నాడు. మీరేమంటారు?

రాయగడ వీధి:
తమ్ముడూ, మా ఒడిశాలో 1955 నాటి జూద నిరోధక చట్టం ఉంది, అందులో నైపుణ్యం ఆటలకు మినహాయింపు లేదు, అందుకే ఆ కంపెనీలు మా రాష్ట్రాన్ని మొదటి నుంచీ పక్కన పెట్టాయి. అయినా మా తోడల్లుడి కొడుకు లొకేషన్ మార్చే యాప్ పెట్టి వేరే రాష్ట్రంలో ఉన్నట్టు చూపించి ఆడాడు. గెలిచాడు కూడా. డబ్బు తీసుకోబోయేసరికి ఆధార్ అడిగారు, రాయగడ అడ్రస్ చూశారు, ఖాతా ఆపేశారు. ఎవరి దగ్గరికి వెళ్లి అడుగుతాడు, తప్పు తనదే కదా. వాళ్ల నాన్నకి చెప్పలేక నాలుగు నెలలు మా ఇంట్లో అన్నం కూడా సరిగ్గా తినలేదు. నీకు నైపుణ్యం ఉందనే అనుకుందాం. ఆ విదేశీ సైట్ వాడు రేపు ఇవ్వనంటే ఏ పోలీస్ స్టేషన్లో చెప్తావు?

ధర్మాబాద్ వాసి:
రాయగడ అన్న చెప్పింది సైట్ గురించి, ఆట గురించి కాదు. రెండూ కలపకండి. 1968లోనే సుప్రీంకోర్టు మన ఆంధ్రప్రదేశ్ కేసులో రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆట అని చెప్పింది. 2025 చట్టం నైపుణ్యమైనా అదృష్టమైనా డబ్బు పెడితే ఒకటే అంటోంది, అది వేరే విషయం. పోకర్లో ఏ ముక్కలు వస్తాయో మన చేతిలో లేదు, వాటితో ఏం చేయాలో మాత్రం పూర్తిగా మన చేతిలోనే ఉంది. ఈ తమ్ముడు చెత్త ముక్కలు పడేయడం నేర్చుకున్నాడు, ఫలితం మారింది. ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

బల్లార్షా లెక్కలు:
రుజువు కావాలి అన్నా, అది ఇంకా రాలేదు. నేను పిల్లలకు లెక్కలు చెప్తాను, ఇక్కడ కూడా లెక్కే చేద్దాం. 4,800 అంటే 4 రూపాయల బ్లైండ్ మీద 1,200 బ్లైండ్లు. 40 వేల హ్యాండ్స్ అంటే నూరేసి చొప్పున 400 కట్టలు. కట్టకి సగటున 3 బ్లైండ్ల లాభం. కానీ ఈ ఆటలో ఒక్కో కట్టకి ఊగిసలాట దాదాపు 100 బ్లైండ్లు ఉంటుంది. 400కి వర్గమూలం 20, నూరుని 20తో భాగిస్తే 5, దాన్ని రెండింతలు చేస్తే 10. అంటే ఆ 3కి అటూ ఇటూ 10, తమ్ముడి అసలు స్థాయి కట్టకి 7 బ్లైండ్ల నష్టం నుంచి 13 లాభం మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఓడిపోయే ఆటగాడు కూడా ఇన్ని హ్యాండ్స్ తర్వాత ఇలా లాభంలో కనిపించొచ్చు. ఆ 10ని 2కి తేవాలంటే పది లక్షల హ్యాండ్స్ ఆడాలి. మార్చి తర్వాత బాగుంది అంటే ఆ భాగం ఇంకా చిన్నది, దాని మీద నమ్మకం ఇంకా తక్కువ.

తమ్ముడూ రెండు అడుగుతాను. రేక్ (ప్రతి ఆటలో కంపెనీ తీసుకునే వాటా) ఎంత కట్టావు? జూన్‌లో ఏమైంది?

ప్రాణహిత ఒడ్డు:
రేక్ ఇప్పుడే కూడాను అన్నా, దాదాపు 10 వేలు. ఇంతకాలం ఈ అంకె విడిగా ఎప్పుడూ చూడలేదు. అంటే టేబుల్ మీద వాళ్ల దగ్గర 14,800 గెలిస్తే పది వేలు కంపెనీ తీసుకుంది, మిగిలినదాంట్లో 30 శాతం పన్ను పోతే 3,360. ఏడున్నర నెలల రాత్రులకి.

జూన్ సంగతి ఇది. నా దగ్గర రాజుల జత, ఫ్లాప్‌లో (అందరికీ కలిపి టేబుల్ మీద తిప్పే మొదటి మూడు ముక్కల్లో) 9, 7, 2, అందులో రెండు ఇస్పేటు. అవతలాయన తన డబ్బు మొత్తం తోసేశాడు, నేను కాల్ చేశాను. ఆయన దగ్గర రెండు ఇస్పేట్లు. మూడింట ఒక వంతుకి కొంచెం ఎక్కువ అవకాశం ఆయనకి, చివరి ముక్క ఇస్పేటే పడింది, అయిదు ఇస్పేట్లయి నా జతని కొట్టేశాడు. నేను ఆడింది కరెక్టే, ఇప్పటికీ అదే అంటాను. తప్పు తర్వాత చేశాను. మూడు బై-ఇన్‌ల నియమం నేనే పెట్టుకుని నేనే మరిచిపోయాను, రాత్రి రెండు దాకా ఏడుసార్లు 400 వేశాను, అమ్మ లేచి నీళ్లు తాగి ఇంకా పడుకోలేదా అని అడిగింది, ఆఫీసు పని అని చెప్పాను.

ధర్మాబాద్ వాసి:
రేక్ సంగతి నేను ఆలోచించలేదు తమ్ముడూ. అయినా ఆ 14,800 ఊరికే రాలేదు, దాన్ని తీసిపారేయొద్దు.

బల్లార్షా లెక్కలు:
తీసిపారేయను అన్నా. ఆ అంకెకి కూడా అదే 10 బ్లైండ్ల ఊగిసలాట ఉంది, అయినా అది సున్నాకి కాస్త దూరమే. ఆట తెలుసని నమ్మొచ్చు. ఇంత రేక్ కట్టాక మిగులుతుందని మాత్రం నమ్మలేను.

ప్రాణహిత ఒడ్డు:
విదేశీ సైట్ ఆయనకి వద్దని ఫోన్ చేసి చెప్పేశాను. అప్పట్లో గోదావరి వంతెన దాటి కాళేశ్వరం వెళ్తే చాలు, మీ ప్రాంతంలో అనుమతి లేదని యాప్ ఆగిపోయేది, తెలంగాణలో 2017 నుంచే నిషేధం కదా. మా మామ ఇల్లు అటే, వెళ్లిన రోజు హాయిగా నిద్రపట్టేది. ఊరికే చిప్స్‌తో నేర్చుకుంటాను. ఊరికే ఆటలో అందరూ ప్రతిదానికీ కాల్ చేస్తారు, అక్కడ ఫోల్డ్ (ముక్కలు పడేయడం) ఎలా సాధన చేయాలో తెలిసినవాళ్లు చెప్పండి.