రిపోర్టు వచ్చింది, ఫైల్లోకి వెళ్లింది, డాక్టర్ మాత్రం చూడలేదు. మీ క్లినిక్‌లో దీన్ని ఎలా ఆపుతున్నారు?

ప్రశ్న

నమస్కారం అండి. మా అక్క డాక్టర్, సొంత క్లినిక్ నడుపుతోంది. నేను ఇంతకుముందు అకౌంట్స్ చూసేదాన్ని. ఎనిమిది నెలలుగా క్లినిక్ ఆఫీసు పనంతా నాదే. ఒక డాక్టర్, ఒక నర్సు, రిసెప్షన్‌లో ఇద్దరు. జీతాలు, బిల్లులు, ఇన్సూరెన్స్ కాగితాలు, మందుల స్టాకు, వీటితో పెద్దగా ఇబ్బంది పడలేదు. డబ్బు లెక్క తప్పితే సాయంత్రానికల్లా బయటపడుతుంది. నాకు నిద్ర పట్టనివ్వనిది వేరే.

పోయిన నెల ఒకావిడకి అక్క రక్తపరీక్ష రాసింది. హిమోగ్లోబిన్ 7.2 వచ్చింది, అంటే రక్తం బాగా తక్కువ. ల్యాబ్ మెయిల్ పంపింది. రిసెప్షన్‌లో అమ్మాయి ప్రింట్ తీసి, ఇన్‌వర్డ్ రిజిస్టర్‌లో (వచ్చిన కాగితాలు రాసుకునే పుస్తకం) రాసి, ఫైల్లో పెట్టేసింది. మేం నేర్పిన పద్ధతే అది, ఆ అమ్మాయిని ఏమనగలం? అక్క ఆ కాగితం చూడనేలేదు. ఆవిడేమో "ఏదైనా తేడా ఉంటే వాళ్లే ఫోన్ చేస్తారులే" అనుకుని ఊరుకున్నారు. 19 రోజుల తర్వాత, మెట్లెక్కితే ఆయాసం వస్తోందని మళ్లీ వచ్చారు. ఫైలు తెరిస్తే పైనే ఉంది రిపోర్టు. ఆ రాత్రి అక్క నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆ పేషెంట్ ఇప్పుడు కోలుకుంటున్నారు.

ఇంకొకరికి ఇలా జరగకూడదు. మీరు రిపోర్టులు ఎలా చూసుకుంటున్నారు? ఇంకో సంగతి, మా దగ్గర అందరికీ "పదింటికి రండి" అని చెప్పే అలవాటుంది. పదిన్నరకి హాల్లో నిలబడే చోటు కూడా ఉండదు. ఆ గోలలోనే కాగితాలు తప్పిపోతున్నాయని నా అనుమానం.

జవాబు 1 (పద్నాలుగేళ్లుగా క్లినిక్ మేనేజర్‌ని)

మీ రిజిస్టర్ రిపోర్టు వచ్చిన రోజు మొదలవుతోందండి. అక్కడే ఉంది లోపం. డాక్టర్ గారు పరీక్ష రాసిన నిమిషంలోనే వరుస మొదలవ్వాలి. రాసిన తేదీ, పేరు, పుట్టిన తేదీ, ఏ పరీక్ష, ఎప్పటికి రావాలి, ఎప్పుడు వచ్చింది, డాక్టర్ చూసి పెట్టిన సంతకం, పేషెంట్‌కి చెప్పిన తేదీ, చెప్పినవారి పేరు. చివరి గడి నిండేదాకా ఆ వరుస మూసినట్టు కాదు.

దీనివల్ల ఇంకో మేలుంది. పరీక్ష రాయించుకుని అసలు ల్యాబ్‌కే వెళ్లనివాళ్లు ఉంటారు. మీ ఇన్‌వర్డ్ రిజిస్టర్‌లో వాళ్లు ఎప్పటికీ కనిపించరు, ఎందుకంటే రిపోర్టే రాదు. ఇందులోనైతే గడి ఖాళీగా కనిపిస్తుంది.

డాక్టర్ సంతకం లేని రిపోర్టు ఫైల్లోకి పోకూడదు. ఒక ట్రే పెట్టండి, సాయంత్రం ఆ ట్రే ఖాళీ అయ్యాకే అక్కగారు ఇంటికి బయల్దేరాలి. ఆవిడ సెలవు పెడితే రిపోర్టులు ఏ డాక్టర్ చూస్తారో ముందే రాసి పెట్టుకోండి. ల్యాబ్‌వాళ్లు అర్జెంట్ అని ఫోన్ చేస్తే, విన్న అంకె కాగితం మీద రాసి, తిరిగి వాళ్లకే చదివి వినిపించి, టైము వేయాలి. గుర్తుంచుకుంటాలే అంటే కుదరదు.

పేషెంట్‌కి కూడా చెప్పి పంపండి: "ఫలానా రోజుకి మా నుంచి ఫోన్ రాకపోతే మీరే చేయండి. ఫోన్ రాలేదంటే అంతా బాగుందని కాదు."

జవాబు 2

పదింటి రద్దీ గురించి. 1952లోనే బెయిలీ, వెల్చ్ అని ఇద్దరు ఆస్పత్రి ఓపీల మీద లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. మొదట ఇద్దరిని పిలవండి, తర్వాత ఒక్కో పేషెంట్‌కి సగటున పట్టేంత వ్యవధితో ఒక్కొక్కరినీ పిలవండి అన్నది వాళ్ల సలహా. డాక్టర్ ఖాళీగా కూర్చోరు, హాలూ నిండదు. మీ సగటు ఎంతో ముందు కొలవండి. రెండు వారాలపాటు లోపలికి వెళ్లిన టైము, బయటికొచ్చిన టైము రాస్తే చాలు. అపాయింట్‌మెంట్ లేకుండా జ్వరంతో వచ్చేవాళ్ల కోసం మధ్యమధ్యలో ఖాళీ ఉంచండి.

జవాబు 3 (నర్సుని)

ఫోన్‌లో "మీరు ఫలానా గారేనా?" అని అడక్కండి. సగం మంది వినకుండానే "ఆఁ" అంటారు. పేరు, పుట్టిన తేదీ వాళ్లనే చెప్పమనాలి. మేం ఒకే పేరున్న ఇద్దరిలో ఒకరి షుగర్ రిపోర్టు ఇంకొకరికి చదివి వినిపించాం, అప్పట్నుంచీ ఇదే నియమం. ఫోన్ ఎవరెత్తితే వాళ్లకి ఫలితం చెప్పేయకూడదు, ఇంట్లోవాళ్లయినా సరే. రిజిస్టర్‌ని కౌంటర్ మీద తెరిచి ఉంచకండి.

ప్రశ్న అడిగినవారు, మూడు వారాల తర్వాత

అందరికీ చాలా థాంక్స్ అండి. కొత్త రిజిస్టర్ మొదలుపెట్టే ముందు, గత రెండు నెలల ఫైళ్లన్నీ దింపి, రాసిన ప్రతి పరీక్షా ఎక్కించాను. రెండు ఆదివారాలు పట్టింది. అక్క సంతకం లేని రిపోర్టులు ఆరు దొరికాయి. అక్క ఆ సాయంత్రమే ఆరూ చూసింది, ఐదు నార్మల్. ఆరో ఆయనకి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే పరీక్ష) కొంచెం ఎక్కువ, మర్నాడే పిలిపించి మళ్లీ పరీక్ష చేయించాం. ల్యాబ్‌కే వెళ్లనివాళ్లు తొమ్మిది మంది. ఎనిమిది మందితో నేనే మాట్లాడాను. ఇద్దరు చీటీ పోయిందని, మళ్లీ అడగడానికి మొహమాటపడ్డామని చెప్పారు. నాకు చాలా బాధేసింది.

పదింటి సంగతి ఇంకా కొలుస్తున్నాం. అక్కకి ఒక్కొక్కరికీ పన్నెండు నిమిషాలు పడుతోంది, మేమేమో ఏడనుకునేవాళ్లం.

తొమ్మిదో ఆయన నంబర్ పనిచేయడం లేదు. ఫైల్లో అడ్రస్ ఉంది, ఇవాళ ఉత్తరం పోస్ట్ చేశాను. ఆ వరుస ఇంకా తెరిచే ఉంది.