పెంజీకటి కవ్వల: "నలోకం"బా, "నాలోకం"బా?

దేవరకొండ నుంచి:
తెల్లవారుజామున ధ్యానానికి కూర్చుంటే ఈమధ్య ఒక్క ముక్కే నోట్లో తిరుగుతోంది. "లోకంబులు లోకేశులు / లోకస్థులు తెగిన తుది నలోకంబగు పెం / జీకటి కవ్వల నెవ్వం / డేకాకృతి వెలుగు నతని నే సేవింతున్". పోతన భాగవతంలో గజేంద్రుడి మొర, మీకందరికీ నోటికొచ్చిందే. పెంజీకటి అంటే పెనుచీకటి, ఏకాకృతి అంటే ఒకే రూపు. మా తాత మాత్రం "నాలోకంబగు" అని సాగదీసేవాడు, చెవిలో అదే ఉండిపోయింది. మనస్తత్వవేత్త యూంగ్ చెప్పిన మూలరూపాల (అందరి మనసు లోతుల్లో ఉండే రూపాల) గురించి చదువుతూ, వాటిలో ముందు ఎదురుపడే ‘నీడ’తో, అంటే మనలో మనం ఒప్పుకోని వైపుతో, కాసేపు కూర్చోవడం అలవాటు చేసుకుంటున్నా. అంటే కోపం ఎవరి ముఖంతో వస్తోందో చూడటం, దాన్ని మాట్లాడనివ్వడం, చెప్పింది రాసుకోవడం. అప్పుడు నాకు "నా లోకమే పెంజీకటి, దానికవ్వల ఒకడు వెలుగుతున్నాడు" అని వినిపిస్తోంది. పోతన ఈ అర్థానికి చోటిచ్చాడంటారా? పెంజీకటిని లోపలి చీకటిగా తీసుకోవచ్చా?

మిర్యాలగూడ నుంచి:
తమ్మీ, ఇది కంద పద్యం, ఛందస్సు ఒప్పుకోదు. రెండో పాదాన్ని నాలుగేసి మాత్రల గణాలుగా విడదీసి చూడు: లోకస్ - థులుతెగి - నతుదిన - లోకం - బగుపెం. "నా" అన్నావంటే మూడో గణానికి ఐదు మాత్రలొస్తాయి. అక్కడ నలమో (నాలుగు లఘువులు) జగణమో (లఘువు, గురువు, లఘువు) తప్ప ఇంకోటి నిలవదు. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి కుదరాల్సిన జత, కూడా "లోకస్థులు"లోని "లో"కీ, నాలుగో గణం మొదట్లో ఉన్న "లో"కీ పడింది. తాతగారు రాగం కోసం సాగదీసి ఉంటారు, పాఠం మాత్రం అది కాదు.

వనపర్తి నుంచి:
గణాలు సరే సార్, కానీ పేచీ దీర్ఘం దగ్గర లేదు, "తుదిన్ + అలోకం" అని విడదీస్తే వచ్చే "అలోకం" దగ్గర ఉంది. లోకం లేనిది అని అందరం చెప్పేసుకుంటాం. ‘లోక్’ ధాతువుకు చూడటమనే అర్థం. కాబట్టి అలోకం అంటే చూపుకు అందనిది అని నేనంటా. అట్లా తీసుకుంటే తమ్ముడికి దీర్ఘంతో పనే లేదు, హ్రస్వంతోనే లోపలి చీకటి వచ్చేస్తుంది.

సూర్యాపేట నుంచి:
అక్కా, మూలం చూడకుండా ధాతువుల దాకా పోతే ఎట్లా? సంస్కృత భాగవతం, అష్టమ స్కంధం, మూడో అధ్యాయం: "తమస్తదాసీద్గహనం గభీరం యస్తస్య పారేఽభివిరాజతే విభుః". కాలం చేతిలో లోకాలూ లోకపాలకులూ అన్నీ పోయాక మిగిలిన చీకటి అది, ప్రళయం. అయితే ఒకటి గమనించండి. మూలంలో లోకాలున్నాయి, పాలకులున్నారు, సర్వ హేతువులున్నాయి, "లోకస్థులు" లేరు. ఆ మాట పోతనదే. "ఏకాకృతి" కూడా ఆయనదే, అక్కడ ఉన్నది ఉత్త "విభుః" (ప్రభువు). పోతన అనువాదం చేశాడనేవాళ్లకు ఈ ఒక్క కందం చూపిస్తే చాలు. పద్యంలోకి మనల్ని కూడా తెచ్చి నిలబెట్టాడు మహానుభావుడు!

దేవరకొండ నుంచి:
నేను వెతుకుతున్నది ఇదేనన్నా. లోపల కూడా లోకేశులున్నారు కదా, తండ్రి గొంతుతో ఒకడు, గురువు గొంతుతో ఒకడు, ఎప్పుడూ గెలవాలనే వీరుడొకడు. కళ్లు మూసుకుంటే ముందు మాట్లాడేది వాళ్లే. వాళ్లు తెగితే గానీ పెంజీకటి రాదు, పెంజీకటి దాటితే గానీ ఏకాకృతి లేదు. ప్రళయం అనే అర్థాన్ని నేను కాదనడం లేదు. అదే వరుస లోపల కూడా నడుస్తుందా అని అడుగుతున్నా.

అచ్చంపేట నుంచి:
ఒక్క జాగ్రత్త. రెండు దారులూ కలపొద్దు. ధ్యానంలో రూపం వస్తే పోనిస్తాం. యూంగ్ దాన్ని ఆపి పలకరించమంటాడు, 1913 నుంచి ఆయన తన మీద తానే చేసుకున్న సాధన అది. ఆ రాతలు, బొమ్మలు ఉన్న ఎర్ర పుస్తకం ఆయన పోయిన చాలా ఏళ్లకు, 2009లో అచ్చయింది. యోగాన్ని పడమటివాళ్లు ఉన్నదున్నట్టు ఎత్తుకోవద్దని కూడా ఆయనే హెచ్చరించాడు. ఇక ‘నీడ’ కావాలంటే పెంజీకటి దాకా ఎందుకు, మకరి లేదా? మడుగు అడుగున ఉండి కాలు పట్టింది. దాన్ని చంపడంతో కథ అయిపోలేదు, దేవలుడి శాపం తీరి హూహూ అనే గంధర్వుడై లేచింది. పట్టినదానికీ విడుదల దొరికింది, నాకైతే అసలు సంగతి అక్కడుంది.

మిర్యాలగూడ నుంచి:
మకరి సంగతి తీస్తే ఏనుగు సంగతీ తీయాలి. ఇంద్రద్యుమ్నుడు మౌనవ్రతంతో ధ్యానంలో ఉండి, వచ్చిన అగస్త్యుణ్ణి లేచి పలకరించలేదు. అందుకే ఏనుగయ్యాడు! కళ్లు మూసుకుని కూర్చునేవాళ్లందరూ గుర్తుపెట్టుకోవాల్సిన మాట. మా వాడపల్లిలో కృష్ణా మూసీ కలిసేచోట అగస్త్యేశ్వరుడి గుడికి ఎప్పుడు పోయినా నాకు ముందు ఈ శాపమే తలపుకొస్తుంది.

వనపర్తి నుంచి:
సార్, గుడి సరే, నాలుగో పాదం యతి ఎవరూ ముట్టుకోలేదేం? "డేకాకృతి"కీ "నే సేవింతున్"కీ యతి కుదరాలంటే అది "నేను"లోని "నే" కాదు, "అతనిన్ + ఏ" అని విడదీయాలి, ఆ "ఏ" అంటే "ఏను", నేను అనే అర్థమే. ఏకాకృతిలో ఏ, ఇక్కడా ఏ. "నతని" అని ఆగి "నే" అని గట్టిగా ఎత్తుకుని పాడేవాళ్లు పదాన్ని తప్పుచోట విరుస్తున్నారు.

సూర్యాపేట నుంచి:
అక్కా, "ఏను", "నేను" రెండూ పోతన వాడతాడు. "పలికించెడివాడు రామభద్రుండట, నే పలికిన భవహరమగునట" అన్నచోట ఏం చేస్తారు?

వనపర్తి నుంచి:
అక్కడ ఆ "నే" మీద యతి లేదు కదా తమ్ముడూ! యతి పడ్డచోట చూపించు, అప్పుడు ఒప్పుకుంటా.