డాట్ ఎన్వ్ ఫైలును రిపాజిటరీ నుంచి తొలగిస్తే సరిపోతుందా?

కొత్తకొమ్మ (ప్రశ్న):

నమస్కారం. కోచింగ్ కేంద్రాల ఫీజు వసూలుకు ఉపయోగపడే ఒక అప్లికేషన్‌ను మా చిన్న బృందం నిర్వహిస్తోంది. దాని కోడ్‌ను అంతకుముందు వేరే బృందం రాసింది. రిపాజిటరీ ప్రైవేటుదే అయినా, రహస్య కీలు, పాస్‌వర్డులు ఉంచే డాట్ ఎన్వ్ (.env) ఫైలు మొదటి నుంచీ అందులో కమిట్ అయి ఉంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ పాస్‌వర్డు, చెల్లింపుల సేవ రేజర్‌పే కీ సీక్రెట్, గూగుల్ మ్యాప్స్ కీ, ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) యాక్సెస్ కీ, లాగిన్ టోకెన్లపై సంతకం చేసే జేడబ్ల్యూటీ సీక్రెట్ అన్నీ ఆ ఒక్క ఫైలులోనే ఉన్నాయి. త్వరలో బయటి డెవలపర్లకు, ఇంటర్న్‌లకు ప్రవేశం ఇవ్వవలసి ఉంది. ఫైలును తొలగించి, పేరును గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితాలో) చేర్చితే చాలునని కొందరు అంటున్నారు. గిట్ హిస్టరీ (పాత మార్పుల రికార్డు) మొత్తాన్ని శుభ్రం చేయనిదే ఎవరినీ చేర్చుకోకూడదని మరికొందరి వాదన. ఏది సరైనది? కొత్తవారికి కీలను ఏ మార్గంలో అందించాలి? ఇప్పటివరకు వాట్సాప్ గ్రూపులోనే పంపుకుంటున్నాము.

పాతటెర్మినల్:

రెండు వాదనల్లోనూ అసలు పని ప్రస్తావన లేదు. ముందుగా ఆ కీలన్నింటినీ రద్దు చేసి, కొత్తవి తీసుకోవాలి.

గిట్‌ఇగ్నోర్ ఇంకా ట్రాక్ కాని ఫైళ్లకే వర్తిస్తుంది. ఫైలును తొలగించి కమిట్ చేసినా పాత కమిట్లలో అది అలాగే ఉంటుంది, క్లోన్ చేసుకున్న ఎవరైనా ఒక్క కమాండ్‌తో చూడగలరు. గిట్ ఫిల్టర్ రెపో అనే సాధనంతో హిస్టరీని తిరగరాసినా, ఇదివరకే ఎవరెవరి ల్యాప్‌టాప్‌లలోనో ఉన్న క్లోన్‌లు, ఫోర్క్‌లు, బిల్డ్ సర్వర్‌లోని ప్రతులు మారవు. పైగా ఆ మార్పు తరువాతి కమిట్లన్నింటి హ్యాష్‌లు (గుర్తింపు సంఖ్యలు) మారిపోయి, తెరిచి ఉన్న పుల్ రిక్వెస్ట్‌లు చిక్కుల్లో పడతాయి. కీ రద్దయ్యాక హిస్టరీలో మిగిలేది ఎందుకూ పనికిరాని అక్షరాల వరుస. విద్యార్థుల వివరాలేవైనా కమిట్ అయి ఉంటే తప్ప, నేనైతే ఆ శ్రమ పెట్టుకోను.

ప్రైవేట్ రిపాజిటరీ అన్న ధీమా కూడా వద్దు. 2016లో ఉబర్ ఇంజనీర్ల ప్రైవేట్ గిట్‌హబ్ రిపాజిటరీలోకి చొరబడినవారికి అక్కడ ఏడబ్ల్యూఎస్ కీ దొరికింది. దాని ద్వారా 5.7 కోట్ల మంది ప్రయాణికుల, డ్రైవర్ల వివరాలు బయటికి పోయాయి. టొయోటా కార్ల ఆన్‌లైన్ సేవ టీ-కనెక్ట్ ఉదంతం మీ పరిస్థితికి ఇంకా దగ్గరగా ఉంటుంది. బయటి కాంట్రాక్టు సంస్థ కోడ్‌లో కొంత భాగాన్ని గిట్‌హబ్‌లో పబ్లిక్‌గా పెట్టడంతో, అందులోని సర్వర్ యాక్సెస్ కీ 2017 డిసెంబరు నుంచి 2022 సెప్టెంబరు వరకు అందరికీ కనిపిస్తూనే ఉంది.

సర్వర్‌గది:

పై మాటతో ఏకీభవిస్తున్నాను. అయితే కీలన్నింటినీ ఒకే పద్ధతిలో మార్చబోతే సేవ ఆగిపోతుంది కాబట్టి, ఒక్కొక్కదాని స్వభావం చెబుతాను.

మ్యాప్స్ కీ బ్రౌజర్‌లో ఎలాగూ కనిపిస్తుంది. మీ వెబ్‌సైటు చిరునామాకు, ఆండ్రాయిడ్ అయితే ప్యాకేజీ పేరుకు, సర్టిఫికెట్ వేలిముద్రకు దానిని పరిమితం చేస్తే చాలు. రేజర్‌పేలో కీ ఐడీ చెకౌట్ పేజీలోకి వెళ్లేదే. కీ సీక్రెట్ మాత్రం సర్వర్ దాటకూడదు, ఎందుకంటే రెండూ కలిసి చేతిలో ఉన్నవారు రీఫండ్లు కూడా చేయగలరు. ఏడబ్ల్యూఎస్‌లో ఒక యూజర్‌కు ఒకేసారి రెండు యాక్సెస్ కీలు ఉండవచ్చు గనుక, కొత్తదానిని అమలులో పెట్టి, పాతదానిని ఎవరూ వాడడం లేదని నిర్ధారించుకున్నాక నిలిపివేయండి. మీ సర్వర్ ఈసీ2లో (ఏడబ్ల్యూఎస్ అద్దె సర్వర్‌లో) ఉంటే దానికి ఐయామ్ రోల్, అంటే ఏడబ్ల్యూఎస్ అనుమతుల పాత్ర, ఇచ్చేయండి, అప్పుడు దాచవలసిన శాశ్వత కీయే ఉండదు.

పోస్ట్‌గ్రెస్‌లో ఒక మోసం ఉంది. పాస్‌వర్డు మార్చినా అప్పటికే తెరిచి ఉన్న కనెక్షన్లు తెగవు. అంతా బాగుందనుకుని మీరు నిద్రపోతే, తెల్లవారుజామున సర్వీసు రీస్టార్ట్ అయినప్పుడు లాగిన్ విఫలమవుతుంది. కొత్త రోల్ (డేటాబేస్ యూజర్) సృష్టించి, అప్లికేషన్‌ను దానికి మార్చి, ఆ తరువాత పాత రోల్‌కు లాగిన్ అనుమతి తీసేయడం మేలు.

నా దృష్టిలో అన్నింటికంటే ప్రమాదకరమైనది జేడబ్ల్యూటీ సీక్రెట్. అది తెలిసినవారు అడ్మిన్ పేరుతో టోకెన్‌ను స్వయంగా తయారు చేసుకోగలరు. లాగిన్ పేజీ జోలికే వెళ్లరు కనుక మీ లాగిన్ రికార్డుల్లో ఆనవాలు కూడా మిగలదు. మామూలుగా సీక్రెట్ మార్చేటప్పుడు, పాత టోకెన్ల గడువు ముగిసేదాకా రెండు సీక్రెట్లనూ అంగీకరించే పద్ధతి ఉంది. బయటపడిన సీక్రెట్ విషయంలో ఆ మర్యాద పనికిరాదు. ఒక రాత్రి అందరినీ లాగౌట్ చేయించండి. మర్నాడు ఫిర్యాదులు రావచ్చు, రానివ్వండి.

కొత్తకొమ్మ:

ఇద్దరికీ ధన్యవాదాలు. మరి ఇంటర్న్‌లకు ఏమివ్వాలి? మాలాంటి చిన్న బృందానికి, కీలను భద్రపరిచే హాషికార్ప్ వాల్ట్ అవసరమా?

పాతటెర్మినల్:

ఇంటర్న్‌లకు లైవ్ కీ ఒక్కటి కూడా ఇవ్వవద్దు. రేజర్‌పే టెస్ట్ మోడ్ కీలు, కల్పిత వివరాలు నింపిన లోకల్ డేటాబేస్, విలువలు లేకుండా పేర్లు మాత్రమే ఉన్న నమూనా డాట్ ఎన్వ్ ఫైలు వారికి సరిపోతాయి. లైవ్ విలువలు సర్వర్‌కు, బాధ్యత గల ఇద్దరికి తెలిస్తే చాలు. వాల్ట్ మంచిదే, కానీ దానికి బ్యాకప్, అన్‌సీల్ (రీస్టార్ట్ తరువాత తాళం తీయడం) వంటి సొంత చాకిరీ ఉంటుంది. మీరు ఎలాగూ ఏడబ్ల్యూఎస్‌లో ఉన్నారు కాబట్టి అక్కడే విలువలను భద్రపరిచే పారామీటర్ స్టోర్ వాడుకోండి. వాట్సాప్‌లో పంపినది ఎన్ని ఫోన్లలో, ఎన్ని బ్యాకప్‌లలో ఉందో ఎవరూ చెప్పలేరు. కొత్త కీలను ఆ గ్రూపులో పెట్టారంటే పని మళ్లీ మొదటికొస్తుంది.

కోడ్‌లో కీలు ఉన్నాయేమో వెతికే గిట్‌లీక్స్‌ను ప్రీ-కమిట్ హుక్‌గా (కమిట్‌కు ముందు తనంతట తానే జరిగే తనిఖీగా) పెట్టండి. ఆ హుక్‌ను దాటవేయడం ఎవరికైనా సులువే కనుక, అదే తనిఖీ బిల్డ్‌లో కూడా జరగాలి. బిల్డ్‌లో వాడే బయటి యాక్షన్లను (గిట్‌హబ్‌లో ఇతరులు రాసిన సిద్ధంగా ఉన్న బిల్డ్ మెట్లను) ట్యాగ్ పేరుతో కాకుండా కమిట్ హ్యాష్‌తో పేర్కొనండి. 2025 మార్చిలో టీజే-యాక్షన్స్ వారి ఛేంజ్డ్-ఫైల్స్ యాక్షన్‌లో చొరబాటుదారులు ట్యాగులనే మార్చివేయడంతో, దానిని వాడుతున్న ప్రాజెక్టుల సీక్రెట్లు బిల్డ్ లాగ్‌లలో అచ్చయ్యాయి. ఫ్రంటెండ్‌కు వీట్ (Vite) అనే బిల్డ్ సాధనం వాడుతుంటే ఒకటి గుర్తుంచుకోండి: పేరు VITE_ అని మొదలయ్యే వేరియబుల్‌ను కోడ్‌లో వాడితే, దాని విలువ బ్రౌజర్‌కు వెళ్లే ఫైలులో కలిసిపోతుంది.

సర్వర్‌గది:

ఒక మాట మరిచాము. కోడ్ వేరే బృందం నుంచి వచ్చిందన్నారు. రేజర్‌పే డ్యాష్‌బోర్డ్‌లో, ఏడబ్ల్యూఎస్ ఖాతాలో, గిట్‌హబ్ సంస్థలో పాతవారి లాగిన్లు, డిప్లాయ్ కీలు (రిపాజిటరీలోకి సర్వర్లకు ప్రవేశమిచ్చేవి) ఇంకా ఉన్నాయేమో చూశారా? వాటిని తొలగించాకే కొత్త కీలు తీసుకోండి. లేకుంటే డ్యాష్‌బోర్డ్ తెరవగలిగినవారు తమకు కావలసిన కీలను తామే మళ్లీ సృష్టించుకోగలరు.