ఈ వారం సమస్య: "మిక్సి యున్నవాఁడు మెదుపలేఁడు"

నిర్వాహకుడు:
ఛందస్సు ఆటవెలది, ఇచ్చింది నాలుగో పాదం, ముందు మూడు పాదాలు రాసి పద్యం పూరించాలి. విషయం ఇంట్లో చేసుకునే మ్యాష్డ్ పొటేటో, అంటే ఉడికించిన బంగాళాదుంప, వెన్న, పాలు, ఉప్పు, అంతే. మిక్సీ ఉన్నవాడు మెదపలేకపోవడం ఏమిటి అన్న విరోధం వంటలోంచే విడిపోవాలి. కరెంటు పోయిందనో, మిక్సీ చెడిపోయిందనో పూరిస్తే తీసుకోను, ఎందుకంటే ఈ పాదంలో చెప్పింది నిజంగానే నిజం, ఆ నిజాన్ని పద్యంలోకి తేవడమే పూరణ.

వెన్నపూస:
నాది ముందు.

పిండికణము చీల వెలువడును జిగురు
బ్లేడు తిరుగు వడికి లేదు హద్దు
చేతిగరిటె చాలు చిదుమంగ నెమ్మది
మిక్సి యున్నవాఁడు మెదుపలేఁడు

గణయతి:
వెన్నపూస గారూ, విరోధాన్ని విడదీయడానికి ఇంతకన్నా సూటి దారి లేదు. రెండో పాదంలో "బ్లే"కి "లే"తో యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ కుదరాల్సిన పొత్తు) వేశారు. సంయుక్తాక్షరంలో ఏ హల్లుకైనా యతి చెల్లుతుంది కాబట్టి ఇది ఒప్పే, పైగా ఇంగ్లీషు మాట మీద అలా కుదరడం వినడానికి బాగుంది. మూడో పాదంలో "చిదుమంగ నెమ్మది" మాత్రం కొంచెం తొందరలో పడినట్టుంది. "నెమ్మదిగా" అనే అర్థం రావాలి, "నెమ్మది" అని వదిలేస్తే మనశ్శాంతి అనే అర్థం ముందు తడుతుంది. పద్యం పడిపోదు, కానీ మీరు ఇంకోసారి చూడవచ్చు.

పొయ్యిదగ్గర:
ఛందస్సు మీరు చూసుకోండి, నేను దుంప సంగతి చెబుతాను. "పిండికణము" అనే మాట దగ్గర ఆగాలనిపించింది, ఎందుకంటే చీలేది పిండి రేణువు కాదు, ఆ రేణువులను కడుపులో పెట్టుకున్న దుంప కణం. ఉడికేటప్పుడు 60, 70 డిగ్రీల మధ్యకు వచ్చేసరికి పిండి రేణువులు నీరు పీల్చి ఉబ్బుతాయి, అయినా కణం గోడ వాటిని లోపలే పట్టి ఉంచుతుంది. ఇంకా వేడెక్కాక కణానికీ కణానికీ మధ్య అతుకులా ఉండే పెక్టిన్ వదులై, గరిటెతో నొక్కితే కణాలు చెక్కుచెదరకుండా విడివిడిగా జారిపోతాయి. మనం నోట్లో మెత్తన అనేది అదే. బ్లేడు అలా విడదీయదు, గోడనే కోసేస్తుంది, లోపలి పిండిలోని ఎమైలోజ్ అనే పదార్థం బయటపడి నీటితో కలిసి సాగుతుంది. ఒకసారి సాగడం మొదలైతే వెన్న పోసినా పాలు పోసినా వెనక్కి రాదు. పద్యంలో ఇదంతా పట్టదు కదా అంటారేమో, "పిండికణము" అంటే పిండి నిండిన కణం అని సమాసం విప్పుకుంటే పట్టినట్టే, నాకు అభ్యంతరం లేదు.

వెన్నపూస:
నా ఉద్దేశం కూడా పిండి నిండిన కణమే. "నెమ్మది" గురించి గణయతి గారు చెప్పింది ఒప్పుకుంటున్నాను, మారుస్తాను.

ఆవిరి:
నేను మిక్సీని తప్పు పట్టలేదు, దాని దాకా వెళ్ళకముందే జరగాల్సిన పని గురించి రాశాను.

చల్లనీట వైచి సన్నని సెగనుంచి
మెల్లగాను మధ్య మెత్తబడఁగ
నీరు వంచి తడిని నిలిచి యార్పనినాఁడు
మిక్సి యున్నవాఁడు మెదుపలేఁడు

గణయతి:
మూడో పాదం అచ్చంగా నచ్చింది. "నిలిచి యార్పనినాఁడు" అన్నప్పుడు గణం మాట మధ్యలో విరిగి నడక సాగింది, పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి కనిపించాడు. రెండు మాటలు చెప్పాలి. ఒకటి, "సెగనుంచి" అంటే సెగ మీద ఉంచి అని మీ భావం, కానీ సెగ నుండి తీసి అని చదువుకునే వీలుంది, దుంప పచ్చిగా ఉండిపోతుంది. "సన్నని సెగవెట్టి" అంటే గణం చెడదు, సందేహమూ ఉండదు. రెండు, మీ అన్వయానికి "మిక్సి యున్నవాఁడైనా" అని "అయినా" కావాలి, సమస్యలో అది లేదు, మీరు పైనుంచి తెచ్చుకోలేదు. అర్థం ఊహించుకోగలం, కానీ పూరణలో ఊహకు వదిలేది ఎంత తక్కువైతే అంత బలం.

పొయ్యిదగ్గర:
విషయంలో ఆవిరి గారికి నా పూర్తి మద్దతు. మరిగే నీళ్ళలో వేస్తే పైపొర ఉడికి ముద్దయ్యేసరికి మధ్యలో ఇంకా గట్టిగా ఉంటుంది, అప్పుడు ఉండలు రాకుండా ఉండాలని గట్టిగా బాదుతాం, ఆ బాదుడుకే కణాలు చిట్లుతాయి. ముక్కలన్నీ ఒకే సైజులో, ఒక నాలుగైదు సెంటీమీటర్లు ఉండాలి, ఉప్పు ఉడికే నీళ్ళలోనే వేయాలి, తర్వాత వేసిన ఉప్పు ముక్క లోపలికి దిగదు. కత్తి మొన అడ్డం లేకుండా దిగితే వంచేయాలి. వంచాక ఖాళీ గిన్నెలో చిన్న మంట మీద ఒకటి రెండు నిమిషాలు కదుపుతూ ఉంటే ముక్కల అంచులు తెల్లగా పొడిపొడిగా అవుతాయి, అంటే ఆ నీటి చోటులో వెన్న, పాలు పట్టడానికి సిద్ధమైనట్టు. ఈ ఒక్క పని వదిలేసేవాళ్ళే ఎక్కువ.

కొత్తకలం:
నేను ఆటవెలది రాయడం ఇదే మొదలు, దయచేసి చూడండి.

మాషు చేయవచ్చు మరలేక చక్కగా
జల్లెడందు దుంప నొక్కినంత
కరము నేర్చు నేర్పు కత్తికి రాదయ్య
మిక్సి యున్నవాఁడు మెదుపలేఁడు

గణయతి:
తమ్ముడూ, గణాలన్నీ సరిగ్గా ఉన్నాయి. రెండో పాదంలో యతి తప్పింది, "జ"కి నాలుగో గణం మొదట "నొ" వచ్చింది. "జల్లెడందు దుంప సాగనొత్త" అని చూడు, జ-సా మైత్రి కుదురుతుంది, జల్లెడలోంచి ఒత్తి దించడం అనే పనీ ఇంకా బాగా కనిపిస్తుంది. మూడో పాదం ఎవరూ తాకవద్దు, ఈ వారం వచ్చిన పాదాల్లో అదే మేలు.

కొత్తకలం:
చాలా థాంక్స్ మాస్టారూ, "సాగనొత్త" పెట్టేస్తున్నాను.

పొయ్యిదగ్గర:
జల్లెడ మాట తెచ్చినందుకు సంతోషం. చిల్లుల్లోంచి పోయేటప్పుడు ప్రతి కణం ఒక్కసారే నలుగుతుంది, మళ్ళీ మళ్ళీ దెబ్బ తినదు, అందుకే అంత నున్నగా వచ్చినా సాగదు. ఫ్రాన్స్ షెఫ్ జోయెల్ రొబుషాన్ పేరు ఈ వంటకంతోనే ఎంతో మందికి తెలుసు, ఆయన కిలో దుంపలకు 250 గ్రాముల వెన్న వేసేవారు, దుంపలను తొక్కతోనే ఉడికించి, చేత్తో తిప్పే చిల్లుల మరలోంచి దించి, పొయ్యి మీద ఆరబెట్టి, చల్లటి వెన్నను ముందు, వేడి పాలను తర్వాత కలిపేవారు. ఇంట్లో రోజూ తినేదానికి కిలోకి 100 గ్రాముల వెన్న, ఒక 200 మిల్లీలీటర్ల పాలు చాలు.

వెన్నపూస:
ఆ వరుస మీదే ఇంకొకటి. "నెమ్మది" ఉన్న నా మొదటి పద్యం బదులు ఇది తీసుకోండి.

వెన్న ముందు కలిపి వేఁడిపాలను బోసి
మిరియపొడినిఁ గొంత మేళవించి
చాలునన్న యెఱుక జాఱిన తరుణాన
మిక్సి యున్నవాఁడు మెదుపలేఁడు

గణయతి:
మొదటిదానికన్నా ఇది గట్టిది. "చాలునన్న యెఱుక" అన్నచోట దోషం మిక్సీ మీంచి దాన్ని ఆపడం తెలియని చేతి మీదికి మారింది, విరోధం మరింత లోతుగా విడిపోయింది.

ఆవిరి:
పాలు వేడిగా ఉండాలన్నది చిన్న మాట కాదండీ, ఫ్రిజ్‌లోంచి తీసి పోస్తే ముద్ద చల్లారిపోతుంది, చల్లారిన పిండి బిగుసుకుంటుంది, దాన్ని మళ్ళీ వదులు చేయడానికి ఇంకా కలుపుతాం, అక్కడే జిగురు.

మూకుడు:
ఆలస్యంగా వచ్చాను. దుంప రకం గురించి ఎవరూ రాయలేదు కాబట్టి:

దుంప జాతి యెఱిఁగి తూఁచి కొనవలెను
పొడిగ విరియునదియె పూర్ణఫలము
జిగటజాతిఁ దెచ్చి చేటొందు నెంతటి
మిక్సి యున్నవాఁడు మెదుపలేఁడు

గణయతి:
ఆవిరి గారి పద్యంలో లోటుగా చెప్పిన "అయినా"ను మీరు "ఎంతటి" అని మూడో పాదం చివర పెట్టి తీర్చేశారు! "ఎంతటి మిక్సి యున్నవాఁడు" అని పాదం దాటి అన్వయం నడవడం ఈ సమస్యకు అవసరమైన పని. "పూర్ణఫలము" మాత్రం యతి కోసం వచ్చిందని తెలిసిపోతోంది.

పొయ్యిదగ్గర:
రసెట్ లాంటి పిండి ఎక్కువున్న రకాలు ఉడికితే పొడిగా విరుస్తాయి, యూకాన్ గోల్డ్ మధ్యస్థం, దానికి వెన్న రుచి సహజంగా ఉంటుంది. సలాడ్‌లో ముక్క విరగకుండా నిలిచే జిగట రకం దీనికి పనికిరాదు, మెదపడానికి ఎక్కువ బలం పెట్టాలి, బలం పెట్టినకొద్దీ సాగుతుంది.

నిర్వాహకుడు:
ఈ వారం ఉత్తమ పూరణ మూకుడు గారిది, ఉత్తమ పాదం కొత్తకలం రాసిన "కరము నేర్చు నేర్పు కత్తికి రాదయ్య". మాషర్, జల్లెడ, చిల్లుల మర ఏదీ లేనివాళ్ళు గట్టి ఫోర్క్‌తో చేసుకోవచ్చు, కొంచెం పలుకు ఉంటుంది, అది లోపమని నేను అనుకోను.

వచ్చే వారానికి, అదే ఆటవెలది, అదే వంటకం: "పాలు పోయకున్నఁ బలుచనగును".