1992లో ఎస్టోనియా అందరికీ పౌరసత్వం ఇవ్వాల్సిందా?

తూర్పుగాలి:
బాల్టిక్ సముద్రం ఒడ్డున ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా అని మూడు చిన్న దేశాలున్నాయి. సోవియట్ పాలన నుంచి బయటపడేటప్పుడు లిథువేనియా తన నేల మీద ఉంటున్న వాళ్లందరికీ పౌరసత్వం తీసుకునే వీలు కల్పించింది. ఎస్టోనియా అలా చేయలేదు. 1992లో పాత 1938 చట్టాన్ని మళ్లీ అమల్లోకి తెచ్చింది. 1940 జూన్‌కి ముందు పౌరులైనవాళ్లు, వాళ్ల సంతానం మాత్రమే పౌరులు. మిగిలినవాళ్లు, అంటే జనాభాలో దాదాపు మూడో వంతు, పుట్టి పెరిగిన ఊళ్లోనే పరాయివాళ్లయ్యారు. నా దృష్టిలో ఇది అన్యాయం. 1991 మార్చి 3న స్వాతంత్ర్యం కావాలా అని అడిగినప్పుడు వీళ్లకూ ఓటుంది. ఆ రోజు 77 శాతానికి పైగా అవునన్నారు, అందులో రష్యన్ మాట్లాడేవాళ్లూ ఉన్నారు. ఏడాది తిరిగేసరికి వాళ్లను బయట నిలబెట్టారు.

సాలూరు_చదువరి:
తూర్పుగాలి గారూ, 1940లో ఎస్టోనియా సోవియట్ యూనియన్‌లో ఇష్టపడి చేరి ఉంటే మీ మాటకు ఒప్పుకునేవాణ్ణి. కానీ జరిగింది ఆక్రమణ. 1939 ఆగస్టు 23న హిట్లర్, స్టాలిన్ ప్రభుత్వాలు రహస్యంగా ఈ బాల్టిక్ దేశాలను పంచుకున్నాయి. మరుసటి ఏడాది జూన్‌లో అల్టిమేటం, వెంటనే సైన్యం, జులైలో ఒకే జాబితాతో ఎన్నికలు, ఆగస్టులో విలీనం. అమెరికా ఆ విలీనాన్ని ఎప్పుడూ గుర్తించలేదు. అంటే 1918లో ఏర్పడ్డ దేశం చచ్చిపోలేదు, దాని పౌరులూ పౌరులుగానే ఉన్నారు. 1991లో కొత్త దేశమేదీ పుట్టలేదండీ.

ఆ మధ్యలో ఏం జరిగిందో కూడా చూడాలి. 1941 జూన్‌లో సుమారు పది వేల మందిని, 1949 మార్చిలో నాలుగు రోజుల్లో ఇరవై వేల మందికి పైగా సోవియట్ పాలకులు రైళ్లలో కుక్కి దూర ప్రాంతాలకు తరలించారు. రెండోసారి ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. పది లక్షలు దాటిన చిన్న జనాభా అది. ఇంకోపక్క గనులకూ ఫ్యాక్టరీలకూ బయటి నుంచి మనుషుల్ని దింపారు. 1934లో 88 శాతం ఉన్న ఎస్టోనియన్లు 1989 నాటికి 61 శాతానికి వచ్చారు. లిథువేనియన్లు అప్పటికీ 80 శాతం దాకా ఉన్నారు కాబట్టి వాళ్లకు ఆ భయం లేదు. ఈ రెండిటినీ ఒకే గాటన కట్టకండి.

టాలిన్_తెలుగు:
నేను ఇక్కడే, ఎస్టోనియాలోనే ఉద్యోగం చేస్తున్నాను. రష్యా సరిహద్దులో ఉన్న నార్వా గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ చర్చ మొత్తం ఆ ఊళ్లో కనిపిస్తుంది. 1944లో సోవియట్ బాంబులకు పాత నార్వా నేలమట్టమైంది. యుద్ధం అయ్యాక పాత ఊరివాళ్లను తిరిగి రానివ్వలేదు. ఊరు రష్యా నుంచి వచ్చిన కార్మికులతో నిండింది. వాళ్లెవరూ ఆక్రమించడానికి బయల్దేరలేదు, పనీ ఇల్లూ దొరుకుతాయంటే వచ్చారు. పిల్లలు రష్యన్ బళ్లలోనే చదివారు, ఎస్టోనియన్ వాళ్ల చెవిన పడిందే తక్కువ. అలాంటివాళ్లను నలభై, యాభై ఏళ్ల వయసులో పౌరసత్వం కావాలంటే పద్నాలుగు విభక్తులున్న భాషలో పరీక్ష రాయమన్నారు.

1993లో, పౌరులు కానివాళ్లు నివాస అనుమతి తీసుకోవాలంటూ విదేశీయుల చట్టం వచ్చినప్పుడు ఇక్కడ విపరీతమైన టెన్షన్. అధ్యక్షుడు లెన్నార్ట్ మెరి సంతకం పెట్టకుండా యూరప్ సంస్థల సలహా అడిగారు, చట్టాన్ని సవరించారు. అయినా జులైలో నార్వా, దాని దగ్గరి ఊరు సిల్లామే స్వయంప్రతిపత్తి కోసం ఓటింగ్ పెట్టాయి. సుప్రీంకోర్టు అది చెల్లదంది. రెండు వైపులా ఎవరూ తుపాకీ ఎత్తలేదు. ఆ సంయమనం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ, నాకు అది బాధగా ఉంటుంది.

తూర్పుగాలి:
సాలూరు గారూ, ఆక్రమణ అన్నదాంట్లో నాకు సందేహం లేదు. కానీ శిక్ష ఎవరికి పడింది? 1992 జూన్‌లో, పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకున్నవాళ్లకైనా తొలి ఎన్నికల్లో ఓటిద్దామా అని అడిగితే, 53 శాతం వద్దన్నారు. సెప్టెంబరులో పార్లమెంటుకు ఎన్నికైన 101 మందీ ఎస్టోనియన్లే. నార్వాలో పుట్టిన మనిషి స్టాలిన్ చేసిన పనికి జవాబు చెప్పాలా?

సాలూరు_చదువరి:
శిక్ష కాదండీ. ఆ రోజు రష్యా సైన్యం ఇంకా ఎస్టోనియా నేల మీదే ఉంది, 1994 ఆగస్టు 31న గానీ పోలేదు. ఆ స్థితిలో పార్లమెంటు ఓటు అందరికీ ఇచ్చి ఉంటే రాజ్యాంగం నిలబడేదని ఎవరు పూచీ పడతారు? పైగా స్థానిక ఎన్నికల్లో ఓటిచ్చారు, లాత్వియా అదీ ఇవ్వలేదు. పిల్లల విషయంలో మాత్రం మీతో ఏకీభవిస్తాను. ఏ దేశ పౌరసత్వమూ లేని తల్లిదండ్రులకు స్వాతంత్ర్యం తర్వాత పుట్టిన పిల్లల కోసం చట్టం మార్చడానికి 1998 దాకా ఆగడం తప్పే. సైన్యం వెళ్లిపోయిన మర్నాడే చేయాల్సింది.

టాలిన్_తెలుగు:
పౌరసత్వం లేనివాళ్లు అప్పటి మూడో వంతు నుంచి ఇప్పుడు ఐదు శాతం దగ్గరికి తగ్గారు. కొందరు పరీక్ష పాసయ్యారు, కొందరు రష్యా పాస్‌పోర్టు తీసుకున్నారు, చాలామంది ముసలివాళ్లు పోయారు. 2025లో రాజ్యాంగం సవరించి రష్యా, బెలారస్ పౌరులకు స్థానిక ఓటు కూడా తీసేశారు. ఉక్రెయిన్ యుద్ధం చూశాక ఇక్కడి వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. కానీ 1992లో మూసిన తలుపు వల్లే కదా పౌరసత్వం లేనివాళ్లలో కొందరు మాస్కో పాస్‌పోర్టు వైపు వెళ్లింది? సాలూరు గారు దీనికి జవాబు చెప్పాలి.

సాలూరు_చదువరి:
కొంతవరకు అవును. అయితే ఆ పాస్‌పోర్టులు ఉదారంగా పంచింది మాస్కో. వీసా లేకుండా రష్యా వెళ్లొచ్చు, పింఛను త్వరగా వస్తుంది అని చాలామంది తీసుకున్నారు. వాళ్లను నేను తప్పుపట్టను, 1992 చట్టాన్నీ తప్పుపట్టను. పరీక్ష పెట్టినప్పుడు భాష నేర్పే టీచర్లను నార్వాకు పంపడంలో జరిగిన ఆలస్యాన్ని తప్పుపడతాను.