పెద్దవాళ్లు ఒంటరో కాదో సర్వే ఫారం తేలుస్తుందా?

తెనాలి_వాసి:
పెద్దవాళ్లు నలుగురికీ దూరమైపోయారా లేదా అని తేల్చడానికి మన దగ్గర ముందు చూసేది ఇంట్లో ఎవరెవరు ఉంటున్నారని. ఒక్కరే ఉంటే ఒంటరి, కొడుకు దగ్గరుంటే ఫర్వాలేదు. ఈ లెక్కే తప్పంటాను. మా వీధి చివర మామ్మగారు ఒక్కరే ఉంటారు, ఆవిడ అరుగు ఏ పూటా ఖాళీగా ఉండదు. ఎదురింటి తాతగారిది ఇంటినిండా జనం, కానీ ఆయన మంచం వరండాలోకి మారి చాలా కాలమైంది, కంచం కూడా అక్కడికే వస్తుంది, పలకరించేవాళ్లే లేరు. ఫారం ప్రకారం ఈవిడ ఒంటరి, ఆయన కాదు!

లెక్కల_మాస్టారు:
అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. 2017-18లో ముంబైలోని జనాభా అధ్యయన సంస్థ ఐఐపీఎస్ వాళ్లు నడిపిన లాసీ సర్వే (మన దేశంలో వయసు మళ్లుతున్నవాళ్ల మీద విడతలవారీగా చేసేది) మొదటి విడత చూడండి, 45 ఏళ్లు దాటినవాళ్లు, వాళ్ల భార్యలూ భర్తలూ కలిపి 72 వేల మందికి పైనే. చుట్టాలింటికి వెళ్తున్నారా, గుడికీ ఫంక్షన్లకీ వెళ్తున్నారా, గడిచిన వారంలో ఒంటరిగా అనిపించిందా, ఇవన్నీ అడిగారు. మనసులో మాట ఒక్కటే నమ్ముకుంటే ఇంకో చిక్కుంది, ఏళ్ల తరబడి సర్దుకుపోయిన మనిషి "నాకేం లోటు బాబూ" అనేస్తుంది. ఇల్లు దాటి ఎన్నిసార్లు వెళ్లింది, చేతిలో ఫోనుందా లేదా అన్న లెక్కలకి మొహమాటం ఉండదు.

పెద్దకోడలు:
మాస్టారూ, "నాకేం లోటు" ఎందుకంటారో నేను చెప్తాను. ఒక సర్వే అమ్మాయి ట్యాబ్ పట్టుకుని వచ్చి మా అత్తయ్యగారిని హాల్లో కూర్చోబెట్టి అడుగుతుంటే నేను టీ పట్టుకుని పక్కనే నిలబడ్డాను. ఇంట్లో బాగా చూసుకుంటారా అంటే, ఆవిడ నా మొహం వంక చూసి "బంగారంలా" అన్నారు. నిజంగానే బాగా చూస్తాను, అది వేరే సంగతి 😄

తెనాలి_వాసి:
అదే! ఇంగ్లండులో 2002 నుంచి 50 దాటినవాళ్ల మీద జరుగుతున్న ఎల్సా సర్వేలో ఒంటరితనం ప్రశ్నలు కాగితం మీద ఇస్తారు, ఎవరికి వాళ్లు నింపుకోవాలి. తోడు లేదనిపిస్తోందా, పక్కన పెట్టేశారనిపిస్తోందా, అందరికీ దూరంగా ఉన్నట్టుందా, ఇలాంటి ప్రశ్నలే. ఇక్కడ చదవడం రాని పెద్దవాళ్లు ఎంతోమంది కాబట్టి పైకే అడగాలి, అందరూ వింటూనే ఉంటారు.

గోదారిగట్టు:
అసలు సంగతి ఎవరూ ముట్టుకోవట్లేదు. వెళ్తున్నారా అని అడుగుతారు గానీ పిలుస్తున్నారా అని అడగరు. మా పెదనాన్న పోయాక పెద్దమ్మ ప్రతి పెళ్లికీ వెళ్తుంది, వెళ్లి వంటశాల దగ్గర కూరగాయలు తరుగుతుంది, తలంబ్రాల వేళకి తనే వెనక్కి జరుగుతుంది. శ్రావణ శుక్రవారం పేరంటానికైతే పిలుపే రాదు. ఫంక్షన్లకు వెళ్తారా? వెళ్తారు. టిక్కు పడిపోయింది. ఇంతకన్నా వెలి ఏముంటుంది?

లెక్కల_మాస్టారు:
ఈ మాట ఒప్పుకుంటాను. కానీ పేరంటం గురించి పంజాబులో ఏమని అడుగుతారు? దేశమంతా ఒకేలా అడగలేకపోతే పోల్చడానికి పనికిరాదు.

గోదారిగట్టు:
"ఈ ఏడాది మిమ్మల్ని శుభకార్యానికి ఎవరైనా పేరుపెట్టి పిలిచారా, అక్కడ మీ చేత ఏం చేయించారు?" పంజాబైనా పామర్రైనా అడగొచ్చు.

నైట్‌షిఫ్ట్:
మధ్యలో దూరుతున్నా, ఇవన్నీ ఇళ్లకు వెళ్లి చేసే సర్వేలే కదా? మరి వృద్ధాశ్రమాల్లో ఉన్నవాళ్లు ఏ లెక్కలోకి వస్తారు?